నల్గొండ నుంచి అరూషాకు: ఒక విద్యార్థిని ప్రయాణ సన్నాహం (కేస్ స్టడీ)

చదువులో భాగంగా సేవ చేసే ‘సర్వీస్ లెర్నింగ్’ కింద టాంజానియా వెళ్లిన ఒక సివిల్ ఇంజినీరింగ్ విద్యార్థిని కేసు ఇది. మూడో సంవత్సరం చదువుతోంది. సొంతూరు నల్గొండ జిల్లా మర్రిగూడ ప్రాంతం. తండ్రికి కొద్దిపాటి బత్తాయి తోట. ఇంట్లో పాస్‌పోర్ట్ తీసుకున్న మొదటి మనిషి ఆ అమ్మాయే. మా కాలేజీలో ఇలాంటి ప్రయాణాలకు పిల్లల్ని సిద్ధం చేసే కో-ఆర్డినేటర్‌ని నేను. అమ్మాయి, వాళ్ల ఇంటివాళ్లు సరేనన్నాకే రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

అక్కడ ఆమె ఏం చేసిందో చివర్లో క్లుప్తంగా చెబుతాను. నాకు ముఖ్యం అనిపించింది అంతకుముందు ఆరు నెలలు. సేవకు వెళ్లే పిల్లలకు ఉత్సాహం కొరత ఉండదు. ఈ అమ్మాయికైతే ఉత్సాహంతో పాటు సొంత అనుభవం కూడా ఉంది. ఫ్లోరైడ్ నీళ్లు తాగిన ఊరి బిడ్డ, ఫ్లోరైడ్ నీళ్లు తాగే ఇంకో ఊరికి వెళ్తోంది. అందుకే ఆమె సన్నాహం తేలికవుతుందని చుట్టూ ఉన్నవాళ్లంతా అనుకున్నారు. నిజానికి ఆ అనుభవం వల్లనే ఎక్కువ పని పడింది.

అక్కడి నీళ్లు, ఇక్కడి నీళ్లు

అరూషా ఉత్తర టాంజానియాలో మేరు పర్వతం కింద ఉన్న పట్టణం. మేరు 4,562 మీటర్ల ఎత్తున్న అగ్నిపర్వతం. దాని చుట్టూ నేల సారవంతమైనది, కాఫీ, అరటి బాగా పండుతాయి. అవే అగ్నిపర్వత శిలల నుంచి ఊటల్లోకి, బావుల్లోకి ఫ్లోరైడ్ దిగుతుంది. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. ఆ ప్రాంతంలో చాలా చోట్ల అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. ఆ హద్దు పాటించడం కష్టమై టాంజానియా చాలా ఏళ్లు 4 మిల్లీగ్రాముల దాకా అనుమతించింది. పిల్లల పళ్ల మీద గోధుమరంగు గార అక్కడ మామూలు దృశ్యం.

నల్గొండలో అగ్నిపర్వతాలు లేవు, గ్రానైట్ ఉంది. ఫలితం మాత్రం అదే. ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బు ఫ్లోరోసిస్. మన దేశంలో దాని గురించి మొదటి వైద్య నివేదిక 1937లో అప్పటి నెల్లూరు జిల్లా నుంచి వచ్చింది. తర్వాత ఆ పేరు నల్గొండకు అంటుకుపోయింది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ స్థానానికి 480 మంది పోటీ చేసింది ఈ నీళ్ల గోడు దేశానికి వినిపించడానికే. బ్యాలెట్ పేపర్ పుస్తకమంత అయింది. ఈ సంగతులు ఆ అమ్మాయి నాయనమ్మ నోట విని పెరిగింది.

రెండు ప్రాంతాలకు ఇంకో లంకె కూడా ఉంది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) 1970ల్లో తయారు చేసిన ఫ్లోరైడ్ తొలగింపు పద్ధతికి ప్రపంచమంతా ఉన్న పేరు ‘నల్గొండ టెక్నిక్’. నీళ్లలో పటిక, సున్నం కలిపి, మొదట వేగంగా, తర్వాత నెమ్మదిగా తిప్పి, తేరనిచ్చి, పైనీళ్లు వడకట్టుకోవడం. ఆ పద్ధతి తూర్పు ఆఫ్రికా దాకా వెళ్లింది. అరూషా దగ్గర న్గుర్దోతోలో ఉన్న ప్రభుత్వ పరిశోధన కేంద్రం దాన్ని ఇంట్లో బకెట్లతో చేసుకునేలా మార్చి ప్రయత్నించింది. పశువుల ఎముకలు కాల్చి చేసిన బొగ్గుతో వడపోసే ఫిల్టర్ల మీద కూడా అక్కడ చాలా పని జరిగింది.

మా విద్యార్థిని వెళ్లాల్సింది అరూషాకు కొంచెం దూరంలో ఉన్న ఒక ఊరి నీటి సంఘానికి. వాళ్లు అడిగిన పని చిన్నది, స్పష్టమైనది. గతంలో ఇళ్లకు ఇచ్చిన బకెట్లు, ఎముక బొగ్గు ఫిల్టర్లలో ఏవి వాడుతున్నారు, ఏవి మూలన పడ్డాయి, ఎందుకు పడ్డాయి? ఇల్లిల్లూ తిరిగి తెలుసుకోవాలి. ఫిల్టర్‌లో బొగ్గు ఎప్పుడు మార్చాలో రాసుకునే రిజిస్టర్ తయారు చేయాలి. ఆరు వారాలు. అంతే.

మొదటి మీటింగ్

అమ్మాయి ల్యాప్‌టాప్‌తో వచ్చింది. ముప్పై పైచిలుకు స్లైడ్లు. మొదటి స్లైడ్‌లో పెద్ద అక్షరాలతో ‘నల్గొండ మోడల్’. పటిక ఎంత, సున్నం ఎంత, ఫ్లోరోసిస్ ఎలా వస్తుంది, ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ ఎలా వచ్చింది, అన్నీ ఉన్నాయి. ఎన్ఎస్ఎస్‌లో రెండేళ్లు పనిచేసిన పిల్ల, మాట్లాడటం బాగా వచ్చు.

“ఈ ప్రాబ్లమ్ నాకు పుట్టినప్పటి నుంచి తెలుసు మేడమ్. వాళ్లకు ఎవరూ సరిగ్గా నేర్పించలేదు. నేను నేర్పిస్తా.”

ఆ మాటలో గర్వం కంటే బాధే ఎక్కువ ఉంది. వాళ్ల మేనమామకు నడుము, మోకాళ్లు వంగిపోయాయి. చిన్నప్పుడు ఆయన్ని ఎత్తుకుని కూర్చోబెట్టడం చూసిన పిల్ల ఆమె. ఎక్కడో ఇంకో దేశంలో అదే జరుగుతుంటే ఆగలేకపోవడం సహజం. ఆ ఆవేశాన్ని చల్లార్చాలని నేను అనుకోలేదు. నా నోట్స్‌లో రాసుకున్నది ఇది: విషయం బాగా తెలుసు. మనసు గట్టిది. కానీ సంఘం అడిగింది ‘ఎందుకు మానేశారో కనుక్కో’ అని, ఈమె సిద్ధమవుతున్నది ‘ఎలా చేయాలో చెప్పడానికి’. ఈ రెండింటి మధ్య దూరం తగ్గకపోతే ఆరు వారాలూ ఆమె మాట్లాడుతుంది, వాళ్లు మర్యాదకు తలూపుతారు.

అయితే ఈ సంగతి నేను చెబితే సరిపోదు. ‘వినడం నేర్చుకో’ అంటే ఏ విద్యార్థి అయినా ‘సరే మేడమ్’ అంటుంది. ఆమెకు అది పనిలో తెలియాలి.

నాయనమ్మ ఇంట్లో బకెట్

ఒక్కటే అడిగాను: “నువ్వు అక్కడ నేర్పిస్తానంటున్న పద్ధతి మీ ఇంట్లో ఎప్పుడైనా చేశావా?” చేయలేదు. వాళ్ల ఊళ్లోనూ ఎవరూ బకెట్లో చేయరు. భగీరథ నల్లా వచ్చాక తాగడానికి ఆ నీళ్లే. బోరు నీళ్లు బట్టలకు, గొడ్లకు.

సంక్రాంతి సెలవుల్లో మొదలుపెట్టాం. ఇంటి బోరు నీళ్లు కాలేజీ ల్యాబ్‌లో పరీక్షిస్తే ఫ్లోరైడ్ 5 మిల్లీగ్రాములకు పైనే వచ్చింది. పటిక మోతాదు ఫ్లోరైడ్‌ను బట్టి, నీళ్ల క్షారతను బట్టి మారుతుంది కాబట్టి కెమిస్ట్రీ సార్ ముందు చిన్న చిన్న బీకర్లలో చేయించి మోతాదు తేల్చారు. ఇరవై లీటర్ల బకెట్‌కు సరిపడా పొట్లాలు కట్టుకుని ఊరికి వెళ్లింది. ఈ నీళ్లు ఎవరూ తాగకూడదని, నమూనాలు సీసాల్లో పట్టి తేవాలని గట్టిగా చెప్పాం. మోతాదు తప్పితే నీళ్లలో అల్యూమినియం మిగిలిపోతుంది. మన ప్రమాణాల ప్రకారం అది లీటరుకు 0.2 మిల్లీగ్రాములు మించకూడదు.

సెలవుల్లో ఆమె స్వయంగా చేసినన్ని రోజులు బాగానే నడిచింది. ఫ్లోరైడ్ తగ్గింది. అయితే కొన్ని నమూనాల్లో 1.5 కిందికి రాలేదు. తర్వాత పొట్లాలు నాయనమ్మకు, వదినకు అప్పజెప్పి హైదరాబాద్ వచ్చేసింది. మళ్లీ ఊరికి వెళ్లేసరికి పొట్లాలు అటక మీద ఉన్నాయి, బకెట్లో బర్రెకు కుడితి కలుపుతున్నారు.

నాయనమ్మను తిట్టలేదు, అడిగింది. ఆమె చెప్పింది అమ్మాయి డైరీలో ఉన్నది ఉన్నట్టు రాసుకుంది: “నీళ్లు తెచ్చుడు ఒక పని, తిప్పుడు ఒక పని, గంట సేపు ఎవలు ముట్టకుంట కావలి ఉండుడు ఇంకో పని. నాకు కండ్లు అవుపడయ్, ఏ పొట్లం ఏందో నాకేమెరుక బిడ్డా? మీ వదిన పొద్దుగాల కూలికి పోవాలె. నల్లా రాకపోతే చేద్దుము గని, గప్పుడు గూడ ఎన్నొద్దులు చేద్దుము?”

ఇంకో సంగతి కెమిస్ట్రీ సార్ అడిగితే బయటపడింది. బకెట్ అడుగున తేరిన తెల్లటి మడ్డి ఏం చేశావని అడిగారు. పెరట్లో మునగచెట్టు మొదట్లో పోశానంది. నీళ్లలోంచి తీసిన ఫ్లోరైడ్ అంతా ఆ మడ్డిలోనే ఉంటుంది. ఒక ఇంట్లో రోజూ వచ్చే మడ్డి ఎటు పోవాలి? ముప్పై స్లైడ్లలో ఆ ప్రశ్నే లేదు.

ఆ వారం డైరీలో ఒక వాక్యం ఉంది: “నాయనమ్మకు తెలివి లేక మానేయలేదు, బద్ధకమూ కాదు. రోజుకు మూడు పనులు పెరిగాయి, చేసేది ఆడవాళ్లు, ఆ లెక్క నేను వేయలేదు.” దాని కింద నేనేమీ రాయలేదు. ఫైల్‌లో నా నోట్ ఒక్కటే: ‘స్లైడ్లు తనంతట తానే పక్కన పెట్టింది.’

స్లైడ్ల బదులు ఒక ప్రశ్నల పత్రం వచ్చింది. నీళ్లు ఎవరు తెస్తారు? ఎవరు తిప్పుతారు? ఆ మనిషికి జ్వరమొస్తే ఎవరు చేస్తారు? మడ్డి ఎక్కడ పోస్తారు? బొగ్గు మార్చాల్సిన రోజు ఎలా తెలుస్తుంది? ఈ పత్రాన్ని ముందే అక్కడి సంఘానికి పంపాం. వాళ్ల కార్యదర్శి ఒక ప్రశ్న కొట్టేశారు. ఇంటి ఆదాయం ఎంతని మొదటిసారి కలిసినప్పుడే అడిగితే తలుపులు మూసుకుంటాయని రాశారు. ఒకటి కలిపారు: బీన్స్, మొక్కజొన్న త్వరగా ఉడకడానికి ‘మగాది’ వేస్తారా అని. అది అక్కడి సరస్సుల నుంచి తీసే సోడా ఉప్పు. దానిలోనూ ఫ్లోరైడ్ బాగా ఉంటుంది. నీళ్లు ఎంత శుభ్రం చేసినా వంటలోంచి వస్తూనే ఉంటుందన్నమాట. నల్గొండ అనుభవం ఎంత ఉన్నా ఈ ప్రశ్న ఇక్కడ ఎవరికీ తట్టదు.

ఫొటోలు

ప్రయాణానికి ముందు ఇన్‌స్టాలో ఒక పేజీ పెట్టాలని ఆమె ఆలోచన. నిధులు కూడా వస్తాయి, పదిమందికీ తెలుస్తుంది. పిల్లల పళ్లు, పెద్దవాళ్ల కాళ్లు చూపిస్తేనే జనం కదులుతారంది. దీని మీద వాదించే బదులు మేనమామతో మాట్లాడి రమ్మన్నాను.

నల్గొండ ఫ్లోరోసిస్ బాధితుల్ని కెమెరాలు దశాబ్దాలుగా వెతుక్కుంటూ వచ్చాయి. వాటివల్ల మేలు జరగలేదని అనను. ఆ బొమ్మలు చూసే కొన్ని ప్రభుత్వాలు కదిలాయి. కానీ బొమ్మలో ఉన్న మనిషికి ఎలా ఉంటుందో మేనమామ చెప్పారు: “కాళ్లు సాపు పెద్దాయనా అంటరు, అంగి ఇప్పు అంటరు. పేరు అడిగినోడు తక్కువ. మళ్ల వచ్చినోడు లేడు.”

నియమం ఆమే రాసుకుంది. మనుషుల పళ్లు, కీళ్లు ఫొటో తీయను. ఫిల్టర్లు, బకెట్లు ఇంటివాళ్లు ఒప్పుకుంటేనే తీస్తాను. ఎవరైనా మా ఫొటో తియ్యి అంటే తీసి, ప్రింట్ వాళ్లకే ఇస్తాను. పేజీ పెట్టలేదు. టికెట్ ఖర్చులో కొంత కాలేజీ భరించింది, కొంత పూర్వ విద్యార్థులు ఇచ్చారు, మిగతాది తండ్రి సర్దారు. తోట తాకట్టు పెడతానని ఆయన అన్నప్పుడు నేను వద్దని గట్టిగా చెప్పాను. సేవకు వెళ్లే పిల్ల ఇంటి మీదికి అప్పు తేకూడదు, ఆ మాట మీద నేను ఎవరితోనూ రాజీపడను.

చాక్లెట్లు, పెన్నులు తీసుకెళ్లాలన్న ఆలోచన కూడా ఆగింది. అడుగుపెట్టగానే పంచిపెట్టే మనిషిగా పరిచయమైతే, ఆ తర్వాత ఇంటింటికీ వెళ్లి అడిగే ప్రశ్నలకు ఆమె ఏమిస్తుందన్నదాన్ని బట్టే జవాబులు వస్తాయి.

ఎముక బొగ్గు

ఈ విషయం ముందే ఎత్తాలా వద్దా అని కొంత తటపటాయించి, ఎత్తాను. సంఘం వాడే ఫిల్టర్లలో ఎముకల బొగ్గు పశువులది. ఎముకల్ని కాల్చి, నలగ్గొట్టి, జల్లెడ పట్టి నింపుతారు. ఎముకలోని ఖనిజం ఫ్లోరైడ్‌ను పట్టుకుంటుంది. చవకైనది, అక్కడ సులువుగా దొరికేది. మన దగ్గర మాత్రం ఈ పద్ధతి జనం ఒప్పుకోరనే ఎప్పుడూ పెద్దగా నడవలేదు.

అమ్మాయి చికెన్ తింటుంది. ఆవు ఎముకలు అనేసరికి మొహం మారింది. నమ్మకాన్ని పక్కన పెట్టమని నేను అడగలేదు, అక్కడికి వెళ్లాక మొహం చిట్లించకుండా ఉండాలంటే ఏం చేయగలవో ఇప్పుడే తేల్చుకోమన్నాను. రెండు వారాలు తీసుకుంది. ఎముకలు నలగ్గొట్టే చోట పనిచేయను, కాలిన బొగ్గు తూకం వేస్తాను, ఫిల్టర్ నుంచి వచ్చే నీళ్లు పరీక్షిస్తాను అని చెప్పింది. అదే సంఘానికి రాసింది. వాళ్ల జవాబు వెంటనే వచ్చింది: మాలోనూ కొందరికి కొన్ని పట్టింపులున్నాయి, పనులు చాలా ఉన్నాయి, ఇబ్బంది లేదు. వాళ్లమ్మకు చెప్పాలా అని నన్నడిగింది. అది నేను తేల్చే విషయం కాదన్నాను. చెప్పింది.

ఇంటివాళ్ల టెన్షన్

తల్లి భయాలన్నీ సబబైనవే. ఆడపిల్ల ఒక్కతే, పేరు వినని ఊరు, చుట్టాల మాటలు. కరపత్రాలు, భరోసాలు ఇవ్వడం కంటే అమ్మాయి దిగబోయే ఇంటి పెద్దావిడతో వీడియో కాల్ పెట్టించడం మేలనిపించింది. మధ్యలో కార్యదర్శి ఇంగ్లిష్‌లో, ఇటు అమ్మాయి తెలుగులో. టాంజానియా మనకంటే రెండున్నర గంటలు వెనక, కాబట్టి మన సాయంత్రం వాళ్ల మధ్యాహ్నం. వంటింట్లోనే నిలబడి మాట్లాడిందావిడ. పొయ్యి మీద మొక్కజొన్న పిండితో చేసే ఉగాలి తిప్పుతోంది. “మక్క గట్క తీర్గనే ఉన్నది గదా” అంది తల్లి. అక్కడి నుంచి మాటలు నీళ్ల మీదికి, కూతుళ్ల మీదికి పోయాయి. పడుకునే గది తలుపుకు లోపల గడియ ఉందో లేదో చూపించమని తల్లి అడిగింది, ఆవిడ ఫోన్ పట్టుకెళ్లి చూపించింది. నేను తయారుచేసిన భద్రతా పత్రంలో ఉన్నవన్నీ కలిపినా అంత ధైర్యం ఇవ్వలేదు.

ఆ పత్రంలో ఉండాల్సినవి ఉన్నాయి లెండి: దారెస్సలాంలోని భారత హైకమిషన్ నంబర్లు, ఇన్సూరెన్స్, చీకటి పడ్డాక మోటార్‌సైకిల్ ట్యాక్సీ ఎక్కకూడదన్న నియమం, వారానికి రెండు కాల్స్.

కాగితాలు, టీకాలు

టూరిస్ట్ వీసా మీద వెళ్లి స్వచ్ఛంద సేవ చేయడం అక్కడి చట్టానికి విరుద్ధం. ‘ఆరు వారాలే కదా, ఎవరు చూస్తారు’ అనే సలహా చాలామంది ఇస్తారు. పట్టుబడితే విద్యార్థినితో పాటు ఆమెను పిలిచిన సంఘం కూడా చిక్కుల్లో పడుతుంది. విద్యార్థులకు, పరిశోధకులకు, స్వచ్ఛంద సేవకులకు ఉన్న ‘క్లాస్ సి’ పర్మిట్ కోసం సంఘం ద్వారానే దరఖాస్తు చేశాం. దీనికి నెలలు పడుతుంది, ముందే మొదలుపెట్టాలి.

ఇళ్లలో సేకరించే వివరాలతో ఒక పేపర్ వేయొచ్చు కదా అని మా దగ్గరే ఒక మాట వచ్చింది. పరిశోధన అయితే టాంజానియా సైన్స్ అండ్ టెక్నాలజీ కమిషన్ అనుమతి కావాలి. అంతకంటే ముందు, అది సంఘం అడిగిన పని కాదు. వివరాలు వాళ్ల దగ్గరే ఉంటాయని, పేపర్ ఉండదని రాసిచ్చాం.

టీకాల సంగతి ట్రావెల్ డాక్టర్ చూశారు. టికెట్ అడ్డిస్ అబాబా మీదుగా ఉంది. ఇథియోపియా ఎల్లో ఫీవర్ ఉన్న దేశం కాబట్టి విమానం ఆలస్యమై ఎక్కువసేపు ఆగాల్సి వస్తే టాంజానియాలో దిగినప్పుడో, తిరిగి మన దేశానికి వచ్చినప్పుడో సర్టిఫికెట్ అడగొచ్చు. నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో ఆ టీకా వేయించాం. వేసిన పది రోజులకు సర్టిఫికెట్ చెల్లుబాటు అవుతుంది, ఆ తర్వాత జీవితాంతం పనికొస్తుంది. కుక్కల బెడద ఉన్న చోటు కాబట్టి రేబిస్ ముందస్తు టీకా రెండు డోసులు, టైఫాయిడ్‌కు మన హైదరాబాద్‌లో తయారయ్యేదే. అరూషా ఎత్తులో ఉంది కాబట్టి మలేరియా తక్కువే, కానీ పని కోసం కింది ఊళ్లకు దిగాలి. డాక్టర్ డాక్సీసైక్లిన్ రోజుకొకటి రాశారు. ప్రయాణానికి ముందు మొదలుపెట్టి, తిరిగొచ్చాక కూడా నాలుగు వారాలు వాడాలి. పిల్లలు ఎక్కువగా మానేసేది ఈ చివరి నాలుగు వారాలే, అందుకే ఆ కాలానికి కూడా నా క్యాలెండర్‌లో ఫోన్ కాల్స్ పెట్టుకున్నాను.

ఒక చిన్న విషయం. 2019 జూన్ నుంచి టాంజానియాలో ప్లాస్టిక్ సంచులు నిషేధం, విమానాశ్రయంలోనే తీసేసుకుంటారు. తల్లి కవర్లలో మూటగట్టిన కారప్పొడి, సకినాలు అన్నీ విప్పి స్టీలు డబ్బాల్లోకి మార్చారు.

భాష, గడియారం

స్వాహిలీ రోజుకు అరగంట. వ్యాకరణం జోలికి పోలేదు. పలకరింపులు, అంకెలు, నీళ్లకు, వంటకు సంబంధించిన మాటలు. పెద్దవాళ్లు ఎదురైతే ‘షికామో’ అని చిన్నవాళ్లే ముందు పలకరించాలి. వాళ్లు ‘మరహబా’ అన్నాకే మిగతా మాట. నేరుగా పనిలోకి దిగితే పెంపకం లేని పిల్ల అనుకుంటారు. మన ఊళ్లలోనూ అంతే కాబట్టి ఇది ఆమెకు తేలిగ్గా పట్టుబడింది. గడియారం మాత్రం తికమకపెట్టింది. స్వాహిలీలో గంటల లెక్క తెల్లవారుజాము ఆరు నుంచి మొదలవుతుంది. మనం ఏడు అనేది వాళ్లకు ఒకటి. మీటింగ్ మూడింటికి అంటే పొద్దున తొమ్మిదింటికి కావచ్చు. ప్రతిసారీ ‘పొద్దునా, సాయంత్రమా’ అని అడగడం అలవాటు చేయించాం.

తర్వాత

వానలు వెనకబట్టిన జూన్‌లో వెళ్లింది. మొదటి వారం ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. దిగిన ఇంటావిడతో నీళ్లకు వెళ్లి వచ్చింది. రెండో వారం నుంచి ఇళ్లు. బకెట్ పద్ధతి మానేసిన ఇళ్లలో వినిపించిన కారణాలు చాలావరకు నాయనమ్మ చెప్పినవే. వాటికి తోడు ఆమె ఊహించనిది ఒకటి వచ్చింది. సున్నం వేసిన నీళ్లతో టీ రుచి మారుతోందని వచ్చిన చుట్టాలు ముఖం మీదే అన్నారట. దాంతో ఆ బకెట్ వంటింట్లోంచి బయటికి పోయింది. ఎముక బొగ్గు ఫిల్టర్లు ఎక్కువ ఇళ్లలో వాడుకలోనే ఉన్నాయి. కానీ బొగ్గు మార్చే తేదీ ఎవరికీ గుర్తులేదు. పాత బొగ్గు ఫ్లోరైడ్ పట్టుకోవడం మానేసినా నీళ్లు చూడటానికి తేటగానే ఉంటాయి, అదే ప్రమాదం. ఆమె తయారుచేసిన రిజిస్టర్‌లో అక్షరాలు తక్కువ, రంగులు ఎక్కువ. ఫిల్టర్ మీద అంటించిన రంగు, రిజిస్టర్ పేజీ రంగు ఒకటే. ఆ ఆలోచన ఆమెది కాదు, సంఘంలో చదువు రాని ఒక సభ్యురాలిదని రిపోర్ట్‌లో పేర్కొంది.

చేయలేకపోయినవీ ఉన్నాయి. మగాది గురించి అడిగింది, జవాబులు రాసింది, అంతకుమించి ఏమీ చేయలేదు. ఆరు వారాల్లో ఒకరి వంట మార్చడం ఆమె పని కాదని నేనూ అన్నాను. ఒక ఇంట్లో కాళ్లు వంగిన పిల్లాణ్ని చూసి వచ్చిన రాత్రి ఫోన్‌లో చాలాసేపు ఏడ్చింది. తిరిగొచ్చాక కాలేజీ కౌన్సెలర్ దగ్గర నాలుగైదు సార్లు కూర్చుంది. మేనమామ విషయం అప్పటిదాకా ఎవరితోనూ అంత వివరంగా మాట్లాడలేదట. సొంత ఇంట్లో ఇలాంటి నొప్పి ఉన్న విద్యార్థులకు ఇప్పుడు కౌన్సెలర్‌ని ప్రయాణానికి ముందే పరిచయం చేస్తున్నాం.

రిజిస్టర్ అక్కడ నడుస్తోందని సంఘం రాసింది. ఇంకో విద్యార్థిని పంపమన్నారు, రెండు షరతులతో. స్వాహిలీ ఇంకాస్త బాగా రావాలి, ఎనిమిది వారాలకు తగ్గకుండా ఉండాలి. ఎనిమిది వారాలంటే మా సెమిస్టర్ పరీక్షలకు అడ్డం వస్తుంది. ఆ సర్దుబాటు కోసం పరీక్షల విభాగంతో ఇప్పుడు మాట్లాడుతున్నాం.